పాత సినిమాలు: నేను చూడమనేవి, వదిలేయమనేవి

ఈ మధ్య వరసపెట్టి 1970కి ముందొచ్చిన సినిమాలే చూస్తున్నా, థ్రిల్లర్, కామెడీ, యుద్ధం, సైన్స్ ఫిక్షన్, ఏది దొరికితే అది. కొన్ని చూశాక రాత్రి నిద్ర పట్టలేదు, కొన్నిటికైతే మూడేసి గంటలు పెట్టి ఎందుకు చూశానా అనిపించింది. నాకర్థమైంది ఏంటంటే, అప్పట్లో జనం నోరెళ్లబెట్టి చూడాలని చేసిన ఆర్భాటం చాలావరకు ఇప్పుడు చప్పబడిపోయింది, ఒక మనిషి ఇబ్బందిని దగ్గరగా చూపించినవి మాత్రం ఇప్పటికీ అలాగే పట్టేస్తున్నాయి.

ఒక్కటే చెప్పమంటే 12 యాంగ్రీ మెన్ (1957) చెప్తా. గంటన్నర కన్నా కాస్త ఎక్కువ, దాదాపు మొత్తం ఒకటే గదిలో. తండ్రిని పొడిచి చంపాడని 18 ఏళ్ల కుర్రాడి మీద కేసు, 12 మంది జ్యూరీ వాళ్లు (కోర్టులో దోషా కాదా తేల్చడానికి కూర్చోబెట్టే మామూలు జనం) కూర్చుని తేల్చాలి, దోషి అంటే మరణశిక్షే. మొదటిసారి 11 మంది దోషి అని చెయ్యెత్తేస్తారు, హెన్రీ ఫోండా ఒక్కడే ఎత్తడు. కుర్రాడు చంపలేదు అని కూడా అనడు ఆయన, ఒక ప్రాణం పోయే విషయం కదా కాసేపు మాట్లాడుకుందాం అంటాడు అంతే. తర్వాత ఆ కత్తి సీన్. హత్యకి వాడిన కత్తి లాంటిది ఇంకోటి ఉండదని మిగతావాళ్లు గట్టిగా నమ్ముతున్న టైంలో జేబులోంచి అచ్చం అలాంటిదే తీసి, టేబుల్‌కి గుచ్చి ఉన్న మొదటి కత్తి పక్కనే దిగ్గొడతాడు, గదంతా ఒక్కసారి లేస్తుంది. ఒక్క ఫైట్ లేదు, అయినా ఒళ్లు జలదరించింది నాకు. డైరెక్టర్ సిడ్నీ లుమెట్‌కి ఇదే మొదటి సినిమా. మొదట్లో కెమెరాని కంటి ఎత్తు కన్నా పైన పెట్టి, పోనుపోను కిందకి దించుతూ, లెన్సులు మారుస్తూ తీశాడు, అందుకే చివరికొచ్చేసరికి గోడలు మీదకొస్తున్నట్టు ఉంటుంది. నేనిది తర్వాత తెలుసుకున్నా, కానీ చూస్తున్నప్పుడే ఆ తడిసిన చొక్కాలు, తిరగని ఫ్యాన్ చూసి నాకూ ఉక్కపోసినట్టయింది.

దాని తర్వాత ఇటలీది, బైసికిల్ థీవ్స్ (1948), విట్టోరియో డి సికా తీసింది. కథ రెండు ముక్కలే: పని దొరకాలంటే సైకిల్ ఉండాలి, ఆ సైకిల్ పోతుంది, తండ్రీ కొడుకులు రోమ్ అంతా వెతుకుతారు. హీరోగా చేసినాయన నిజంగా ఫ్యాక్టరీ కార్మికుడే. మొదట్లోనే ఒక చోటుంది, తాకట్టులో ఉన్న సైకిల్ విడిపించుకోడానికి భార్య ఇంట్లో దుప్పట్లు తీసి కుదువ పెడుతుంది, అక్కడ పనిచేసేవాడు ఆ మూట పట్టుకుని అరలు ఎక్కుతూ పోతాడు, ఎంత పైకి పోయినా అన్నీ దుప్పట్ల మూటలే! ఊళ్లో ఇంకెన్ని ఇళ్లల్లో ఇదే పరిస్థితో ఎవరూ నోటితో చెప్పరు, ఆ మూటలు చూస్తే మనకే తెలిసిపోతుంది. చివర్లో ఆ పిల్లాడు కిందపడ్డ నాన్న టోపీ తీసి దుమ్ము దులుపుతాడు, అక్కడ నావల్ల కాలేదు, ఏడ్చేశా.

సైకో (1960) మీలో చాలామందికి కథ తెలిసిపోయే ఉంటుంది, తెలియకపోతే మాత్రం ఎవర్నీ అడక్కుండా ఈ రోజే చూసేయండి. బాత్రూమ్ సీన్‌లో రక్తం చాక్లెట్ సిరప్, నలుపు తెలుపు కాబట్టి సరిపోయింది, తెలిసి చూసినా భయమేసింది. చివర్లో డాక్టర్ వచ్చి అన్నీ విడమర్చి చెప్పే ముక్క ఒక్కటే సాగుతుంది. కామెడీ కావాలంటే సమ్ లైక్ ఇట్ హాట్ (1959), ఆఖరి డైలాగ్ దాకా లేవొద్దు.

సెవెన్ సమురాయ్ (1954) 207 నిమిషాలు, అది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు, రెండు రాత్రులుగా చూడండి, నేనలాగే చూశా. బందిపోట్ల నుంచి ఊరిని కాపాడ్డానికి రైతులు అన్నం పెట్టి సమురాయ్‌లని, అంటే జపాన్ కత్తి యోధుల్ని, తెచ్చుకుంటారు, యుద్ధం మొదలయ్యే టైంకి ఊళ్లో ఒక్కో మనిషీ మనకి తెలిసినవాడైపోతాడు, అందుకే ఆ వానలో, బురదలో ఎవరు పడిపోయినా గుండె కలుక్కుమంటుంది.

ఇక వదిలేయాల్సినవి. అరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్ (1956)కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, నేనూ అది చూసే పెట్టుకున్నా. దాదాపు మూడు గంటలు ఊళ్లు చూపిస్తారు, ఎవరెవరో స్టార్లు వచ్చి మొహం చూపించి పోతారు, భారతదేశపు రాకుమారిగా షర్లీ మెక్‌లేన్‌ని పెట్టారు, చూస్తుంటే మనసొప్పలేదు. క్లియోపాత్రా (1963) అయితే తీసిన స్టూడియోనే దివాలా అంచుకి తీసుకెళ్లింది, నాలుగు గంటల సినిమాలో క్లియోపాత్రా రోమ్‌లోకి ఊరేగింపుగా వచ్చే సీన్ నిజంగా బాగుంది, ఆ ఒక్క ముక్క చూసి ఆపేయండి. ది బర్త్ ఆఫ్ ఎ నేషన్ (1915) గురించి సినిమా టెక్నిక్ పుస్తకాల్లో గొప్పగా రాస్తారు, కానీ నల్లజాతి వాళ్లని అంత నీచంగా చూపించి, వాళ్లని వేటాడిన ముఠాని హీరోల్ని చేసిన సినిమా అది, సినిమా చరిత్ర చదువుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ చూడక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

2001: ఎ స్పేస్ ఒడిస్సీ (1968) ఎటూ చెప్పలేకపోతున్నా. మొదటి 25 నిమిషాలు ఒక్క మాట ఉండదు, ఫోన్‌లో చూస్తే ఖచ్చితంగా బోర్ కొడుతుంది, పెద్ద స్క్రీన్ దొరికితేనే మొదలుపెట్టండి. మనిషి చంద్రుడి మీద దిగకముందే ఇంత నమ్మకంగా అంతరిక్షాన్ని ఎలా తీశారో అని ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు.

ఆర్భాటం మీద నేను చెప్పినదానికి ఒక్క మినహాయింపు ఉంది, బస్టర్ కీటన్ హీరోగా చేసిన ది జనరల్ (1926). మూకీ సినిమా, మధ్యమధ్యలో వచ్చే అక్షరాలు తప్ప మాటల్లేవు కాబట్టి ఇంట్లో పిల్లలతో కూడా చూడొచ్చు. కాలిన వంతెన మీదనుంచి ట్రైన్ నదిలో పడే సీన్ ఉంది, బొమ్మ కాదు, నిజం రైలింజన్నే పడేశారు. ఆ షాట్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా.