డేటా స్ట్రక్చర్స్‌కి సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్: ఏది మేలు?

బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ మొదలయ్యే ముందు విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలా కాలేజీల్లో ల్యాబ్ మాన్యువల్ సిలో ఉంటుంది. సీనియర్లు ప్లేస్‌మెంట్లకి జావా అంటారు. యూట్యూబ్ తెరిస్తే పైథాన్ పాఠాలు. నా సమాధానం ముందే చెప్పేస్తాను: లింక్డ్ లిస్ట్ నుంచి ట్రీల దాకా సిలో చేత్తో రాయండి, ఆ తర్వాత వచ్చే అల్గారిథమ్స్ కోర్సుకి సి ప్లస్ ప్లస్‌కి గానీ జావాకి గానీ మారండి. రెండు కోర్సులనీ ఒకే భాషతో లాగించాలని చూస్తే ఎక్కడో ఒకచోట ఇబ్బంది తప్పదు, ఎందుకంటే ఆ రెండూ అడిగేది వేరు.

మొదటి కోర్సు మెమరీ గురించి. స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్, బైనరీ సెర్చ్ ట్రీ, ఏవీఎల్ ట్రీ (ఎత్తు పెరిగిపోకుండా తనే సర్దుకునే ట్రీ), హీప్, హ్యాషింగ్: వీటన్నిట్లో డేటా ఎక్కడ కూర్చుంది, దాన్ని ఎవరు చూపిస్తున్నారు అన్నదే విషయం. రెండోది పద్ధతుల గురించి: డివైడ్ అండ్ కాంకర్, గ్రీడీ, డైనమిక్ ప్రోగ్రామింగ్, బ్యాక్‌ట్రాకింగ్. అక్కడ పాయింటర్లతో (మెమరీ అడ్రస్ దాచుకునే వేరియబుల్స్‌తో) కుస్తీ పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సి ఎందుకంటే, అది ఏదీ దాచదు. ఒక ఇంటిజరు, ఒక నెక్స్ట్ పాయింటరు ఉన్న లింక్డ్ లిస్ట్ నోడ్ సైజు 64-బిట్ మెషీన్‌లో అడిగి చూడండి. ఇంటిజరుకి 4, పాయింటరుకి 8 కలిపితే 12 బైట్లు రావాలి, వచ్చేది 16. పాయింటరు 8 బైట్ల హద్దు మీదే మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మధ్యలో 4 బైట్లు ఖాళీగా వదిలేస్తుంది. లింక్డ్ లిస్ట్‌కి అర్రే కన్నా ఎక్కువ మెమరీ ఎందుకు అన్న వైవా ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

సిలో ఎక్కువమంది ఆగిపోయేది రెండు చోట్ల. ఒకటి, లిస్ట్‌లో మొదటి నోడ్‌ని తీసేయడం. ఫంక్షన్‌కి హెడ్‌ని (మొదటి నోడ్‌ని చూపించే పాయింటర్‌ని) మామూలుగా పంపితే వెళ్లేది దాని కాపీ. ఫంక్షన్ లోపల హెడ్ మారుతుంది, మెయిన్‌లో మారదు, ప్రింట్ చేస్తే చెత్త వస్తుంది. కొత్త హెడ్‌ని రిటర్న్ చెయ్యాలి, లేదా డబుల్ పాయింటర్ పంపాలి. రెండోది, నోడ్‌ని ఫ్రీ చేసేశాక దాని నెక్స్ట్‌ని చదవడం. ఇది ఒక సిస్టమ్‌లో బాగానే నడిచినట్టు కనిపించి, ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్ష రోజున ఇంకో సిస్టమ్‌లో క్రాష్ అవుతుంది. మొదట దాని వెనకున్న నోడ్‌ని దాని తర్వాతి నోడ్‌కి కలపాలి, ఆ తర్వాతే ఫ్రీ. జీసీసీ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ ఆప్షన్ పెట్టి, డీబగ్ ఆప్షన్ కూడా ఇచ్చి కంపైల్ చేస్తే ఏ లైన్లో ఫ్రీ అయింది, ఏ లైన్లో మళ్లీ వాడారు అన్నవి రెండూ చూపిస్తుంది. ఈ ఒక్క అలవాటు గంటల తలనొప్పి తప్పిస్తుంది.

మీ ల్యాబ్‌లో ఇంకా టర్బో సి ఉంటే ఒక జాగ్రత్త. అందులో ఇంటిజరు 2 బైట్లే, 32,767 దాటితే తిరగబడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40,320 రావాల్సింది మైనస్ 25,216 అని వస్తుంది. రికర్షన్ (ఫంక్షన్ తనని తనే పిలుచుకోవడం) తప్పు రాశామనుకుని ప్రోగ్రామంతా చెరిపేయకండి, లాంగ్ పెట్టండి. ఇంట్లో మాత్రం జీసీసీలోనే రాయండి.

పైథాన్ సంగతి. రాయడం తేలిక, ఆలోచన త్వరగా కాగితం మీద నుంచి స్క్రీన్ మీదకి వస్తుంది. కానీ ఈ కోర్సు నేర్పాల్సిన దాన్ని పైథాన్ ముందే చేసి పెట్టేస్తుంది. పైగా పేరే తికమక: పైథాన్ లిస్ట్ అంటే లింక్డ్ లిస్ట్ కాదు, లోపల పెరిగే అర్రే. అందుకే దాన్ని క్యూగా వాడి సున్నా స్థానం నుంచి పాప్ చేస్తే మిగతావన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. లక్ష ఎలిమెంట్లున్న క్యూని అలా ఖాళీ చేస్తే సగటున ప్రతిసారీ 50 వేల జరుగుళ్లు, మొత్తం 500 కోట్లు. బీఎఫ్‌ఎస్ (క్యూ వాడి గ్రాఫ్‌ని పొరలు పొరలుగా చూసే పద్ధతి) సరిగ్గా రాసినా టైమ్ లిమిట్ దాటేది చాలాసార్లు ఇందుకే. కలెక్షన్స్ మాడ్యూల్‌లో ఉన్న డెక్ (రెండు వైపులా తీయగలిగే క్యూ) వాడితే ఆ గొడవ ఉండదు.

ఇంకో దెబ్బ రికర్షన్ దగ్గర. పైథాన్ మామూలుగా 1000 లోతు దాకానే అనుమతిస్తుంది. బైనరీ సెర్చ్ ట్రీలో 1 నుంచి 2000 దాకా వరసగా రికర్సివ్‌గా ఇన్సర్ట్ చేయండి, మధ్యలోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. లిమిట్ పెంచేసి ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. ఆగి చూడాల్సింది అక్కడే: వరసలో ఉన్న డేటాతో ట్రీ కాస్తా ఒకే కొమ్మ అయిపోయింది, ఎత్తు 11 ఉండాల్సింది 2000 అయింది. ఏవీఎల్ ట్రీ ఎందుకు పుట్టిందో ఆ ఎర్రరే చెబుతోంది. సిలో ఇదే పని 20 లక్షల పోలికలతో కనురెప్పపాటులో అయిపోతుంది కాబట్టి తేడా తెలియదు. ఈ ఒక్క విషయంలో పైథాన్‌కే నా ఓటు.

రెండో కోర్సుకి వచ్చేసరికి సి బరువైపోతుంది. గ్రాఫ్‌లో అతి తక్కువ దూరం వెతికే డైక్‌స్ట్రా అల్గారిథమ్ రాయాలంటే హీప్, గ్రాఫ్ నిల్వ, మెమరీ అన్నీ మీరే కట్టుకోవాలి. సి ప్లస్ ప్లస్‌లో, జావాలో ప్రయారిటీ క్యూ చేతికి సిద్ధంగా ఉంటుంది. తేడా ఒకటి గుర్తుంచుకోండి: సి ప్లస్ ప్లస్‌లో అది పెద్దదాన్ని ముందు ఇస్తుంది, జావాలో చిన్నదాన్ని. సి ప్లస్ ప్లస్‌లో చిన్నది ముందు రావాలని చెప్పే గ్రేటర్ పెట్టడం మర్చిపోతే దూరం ఎక్కువున్న నోడ్ ముందు బయటికొస్తుంది. తీసిన నోడ్‌కి విజిటెడ్ గుర్తు పెట్టే పద్ధతిలో రాస్తే జవాబే తప్పుతుంది.

జావాలో ఇంకో ఉచ్చు. రెండు స్టాకుల పైన ఉన్న ఇంటిజర్ ఆబ్జెక్టులని డబుల్ ఈక్వల్స్‌తో పోలిస్తే 127 దాకా సరిగ్గా పనిచేసి, 128 నుంచి తప్పు చెప్పొచ్చు. చిన్న టెస్ట్ కేసులన్నీ పాసవుతాయి, పెద్దవి పోతాయి. ఈక్వల్స్ మెథడ్ వాడాలి. స్కానర్ నెమ్మది, లక్షల్లో ఇన్‌పుట్ ఉంటే బఫర్డ్ రీడర్ వాడండి. అయితే తప్పు జరిగిన లైన్ నంబరు జావా తనే చెబుతుంది, సి ప్లస్ ప్లస్ చాలాసార్లు సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఊరుకుంటుంది. పాయింటర్లంటే ఇంకా బెదురున్న వాళ్లకి జావా నయం.

రెండింటికీ పొంచి ఉన్నది ఓవర్‌ఫ్లో, అంటే విలువ ఇంటిజరు పరిమితి దాటిపోవడం. బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం 'లో', 'హై' (వెతికే భాగం మొదలు, చివర) కూడి రెండుతో భాగిస్తే పెద్ద అర్రేల్లో కూడిక 214 కోట్లు దాటి నెగటివ్ అవుతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయి 2006లో బయటపడింది. 'హై' నుంచి 'లో' తీసేసి, సగం చేసి, దానికి 'లో' విలువ కలపండి.

వేగం విషయంలో మోటు లెక్క: సెకనుకి సి ప్లస్ ప్లస్ 10 కోట్ల చిన్న ఆపరేషన్లు చేస్తే పైథాన్ కోటి దాకా చేస్తుంది. ఇన్‌పుట్ 10,000 ఉండి పద్ధతి ఎన్ స్క్వేర్ (ఇన్‌పుట్ సైజు వర్గమంత పని) అయితే సి ప్లస్ ప్లస్ గట్టెక్కుతుంది, పైథాన్ గట్టెక్కదు.

గేట్ రాసేవాళ్లకి ఎంపిక ఇంకా సులువు. కంప్యూటర్ సైన్స్ పేపర్ సిలబస్‌లో ప్రోగ్రామింగ్ ఇన్ సి అనే ఉంటుంది, పాయింటర్లు, రికర్షన్ ఉన్న సి కోడ్ ఇచ్చి అవుట్‌పుట్ అడుగుతారు. 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్‌కి మాత్రం పైథాన్.

భాష మారేటప్పుడు కొత్త సింటాక్స్ కోర్సు వెతుక్కోవద్దు. సిలో రాసిన మూడు ప్రోగ్రాములు తీసుకుని కొత్త భాషలో తిరిగి రాయండి: లింక్డ్ లిస్ట్ రివర్స్, బైనరీ సెర్చ్ ట్రీ డిలీషన్, బీఎఫ్‌ఎస్. డిలీషన్‌లో ఇద్దరు పిల్లలున్న నోడ్ కేసు తప్పకుండా పరీక్షించండి. ఇన్‌ఆర్డర్ సక్సెసర్ (కుడి సబ్‌ట్రీలో అతి చిన్న నోడ్) విలువని పైకి కాపీ చేశాక, పాత నోడ్‌ని కుడి సబ్‌ట్రీలోంచి తీసేయడం మర్చిపోతే ఒకే విలువ రెండుసార్లు మిగులుతుంది. ఇన్‌ఆర్డర్ ప్రింట్ చేస్తే వెంటనే కనిపిస్తుంది.