కిక్ డ్రమ్ ఏది మేలు: రెడీమేడ్ సాంపిలా, సింథ్‌లో చేసుకున్నదా, లేయరింగా?

128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక బీటుకీ తర్వాతి బీటుకీ మధ్య ఉండేది 469 మిల్లీసెకన్లు. బేస్ ఆఫ్‌బీట్ మీద పడేదైతే సరిగ్గా సగంలో, 234 దగ్గర మొదలవుతుంది. అప్పటికీ కిక్ (బీటు మీద పడే లోతైన డ్రమ్ దెబ్బ) తోక, అంటే దెబ్బ తర్వాత మిగిలే మోత, మోగుతూనే ఉంటే కింది శబ్దమంతా కలగాపులగం అవుతుంది. సైట్రాన్స్ అనే వేగమైన డ్యాన్స్ సంగీతంలో పరిస్థితి ఇంకా ఇరుకు. 145 బీపీఎంలో బీటును నాలుగు ముక్కలు చేస్తే మొదటి ముక్క కిక్‌ది, మిగతా మూడూ బేస్‌వి. అంటే కిక్‌కి దక్కేది 103 మిల్లీసెకన్లే.

కాబట్టి సాంపిల్ (ముందే రికార్డు చేసి ఉన్న శబ్దం), సింథ్ (శబ్దాన్ని మొదటి నుంచీ తయారుచేసేది), లేయరింగ్ (శబ్దాలను ఒకదాని మీద ఒకటి పేర్చడం) అనే మూడు దారుల్లో ఏది మేలో తేల్చేటప్పుడు ముందుగా చూడాల్సింది శబ్దం ఎంత బరువుగా ఉందని కాదు. తోక ఎంత పొడవుండాలి, ఏ స్వరం మీద నిలవాలి అనేవి మన చేతిలో ఉన్నాయా లేవా అని చూడాలి. విడిగా వింటే చాలా కిక్‌లు బాగానే ఉంటాయి. బేస్ పక్కన పెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది.

సాంపిల్

సాంపిల్‌తో ఉన్న సుఖం, సగం పని అయిపోయి చేతికి రావడం. కంప్రెషన్ (హెచ్చుతగ్గులను దగ్గర చేయడం), శాచురేషన్ (అలను నొక్కి శబ్దాన్ని చిక్కన చేయడం), క్లిప్పింగ్ (అల శిఖరాలను కోసేయడం) అన్నీ ఎవరో చేసేసి ఇస్తారు. హౌస్, టెక్నో డ్యాన్స్ సంగీతాలకు రోలాండ్ డ్రమ్ మెషిన్ టీఆర్-909 (1983) కిక్ సాంపిల్ వేస్తే చాలా పాటల్లో అక్కడితో సరిపోతుంది: మొదట గట్టి దెబ్బ, వెంటనే కిందికి జారే స్వరం, పొట్టి తోక. 1980 నాటి టీఆర్-808 కిక్ తీరు వేరు. డీకే (శబ్దం తగ్గిపోవడానికి పట్టే సమయం) పెంచితే దాని తోక సాగుతూ తానే బేస్ అయిపోతుంది. ట్రాప్ అనే హిప్‌హాప్ రకంలో దాన్ని స్వరాలు మార్చి వాయించేది అందుకే. నాలుగు బీట్లకూ కిక్ పడే పాటలో పొడవైన 808 వేసి, కింద ఇంకో బేస్ కూడా పెడితే రెండింట్లో ఒకటి ఓడిపోవాల్సిందే.

చిక్కు ట్యూనింగ్ దగ్గర వస్తుంది. పాట ఎఫ్ మైనర్‌లో ఉంది, నచ్చిన సాంపిల్ తోక 55 హెర్ట్జ్ మీద ఉంది అనుకుందాం. అది ఎ స్వరం, ఎఫ్ మైనర్‌లో లేనిది. దాన్ని 43.7 హెర్ట్జ్‌కి, అంటే ఎఫ్‌కి దించాలంటే నాలుగు సెమిటోన్లు (కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమిటోన్) తగ్గించాలి. సాంప్లర్‌లో తగ్గిస్తే వేగం కూడా తగ్గుతుంది కాబట్టి 300 మిల్లీసెకన్ల కిక్ 378 అవుతుంది, 4000 హెర్ట్జ్ దగ్గరున్న క్లిక్ (మొదట్లో టక్కుమనే చప్పుడు) 3175కి జారి మొద్దుబారుతుంది. పొడవు పెరగకూడదని టైమ్ స్ట్రెచ్ (స్వరంతో సంబంధం లేకుండా పొడవు మార్చడం) పెడితే ఇంకో దెబ్బ: మొదటి కొన్ని మిల్లీసెకన్లు చెదిరిపోయి అటాక్ (శబ్దం మొదలయ్యే తీరు) మెత్తబడుతుంది. ఒకటి రెండు సెమిటోన్ల వరకు సాంపిల్ ఓర్చుకుంటుంది. అంతకు మించితే ఇంకో సాంపిల్ వెతుక్కోవడమే నయం.

అయితే ప్రతి కిక్‌నీ ట్యూన్ చేయాలన్న నియమం పెట్టుకోనక్కర్లేదు. తోక 100 మిల్లీసెకన్ల లోపే ముగిసే కిక్‌లో స్వరం జారుతూనే అయిపోతుంది. చెవి దాన్ని స్వరంగా పట్టుకునే లోపే శబ్దం ఉండదు. ట్యూనింగ్ మాట వచ్చేది తోక ఒక స్వరం మీద నిలిచినప్పుడే.

సింథ్

తోక మీద పూర్తి పట్టు కావాలంటే సింథ్‌ను మించింది లేదు. ఖర్చు కూడా లేదు, ఉచితంగా దొరికే వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌తోనే పని జరుగుతుంది.

ఒక ఆసిలేటర్ (అలను పుట్టించే భాగం), సైన్ వేవ్ (నున్నటి అల). వాయిస్‌ల సంఖ్య 1, లెగాటో ఆఫ్. ఫేజ్ (అల ఎక్కడ మొదలవ్వాలన్నది) 0, దాని పక్కనున్న రాండమ్ కూడా 0. ఈ చివరిదాన్ని మర్చిపోతే వేవ్ ఒక్కోసారి ఒక్కోచోట మొదలై ప్రతి దెబ్బా ఒక్కోలా వినిపిస్తుంది. తప్పు కంప్రెసర్‌లో ఉందనుకుని గంటలు వెతికే అవకాశం ఉంది, అందుకే ముందే చూసుకోవాలి.

వాల్యూమ్ ఎన్వలప్‌లో (సమయంతో పాటు వాల్యూమ్ మారే గీతలో) అటాక్ 0, డీకే 220 మిల్లీసెకన్లు, సస్టెయిన్ (డీకే తర్వాత నిలిచే స్థాయి) 0. రెండో ఎన్వలప్‌ను పిచ్‌కి కలిపి 36 సెమిటోన్లు ఇవ్వాలి. అప్పుడు 349 హెర్ట్జ్ దగ్గర మొదలైన స్వరం 43.7కి వచ్చి ఆగుతుంది. దాని డీకే 60 మిల్లీసెకన్లు, గీత మొదట్లో నిట్టనిలువుగా పడి చివర్లో చదునయ్యేలా వంచాలి. కిక్ స్వభావమంతా ఈ వంపులోనే ఉంది. గీత తిన్నగా ఉంటే, లేదా డీకే 120 దాటితే, అది కిక్‌లా కాక టామ్ డ్రమ్‌లా, ఇంకా పెంచితే లేజర్ తుపాకీలా వినిపిస్తుంది. 15 కంటే తక్కువ పెడితే టక్కుమన్న చప్పుడూ, కింద ఊపు లేని హమ్మూ విడివిడిగా వినిపిస్తాయి, మధ్యలో ఉండాల్సిన పంచ్ మాయమవుతుంది. డీకేని 30 నుంచి 80 మధ్య మెల్లగా తిప్పుతూ వింటే గుండె మీద తగిలే చోటు ఒకటి దొరుకుతుంది.

43.7 హెర్ట్జ్‌ని ఫోన్ స్పీకర్ వినిపించలేదు. అందుకే పైన శాచురేషన్ వేయాలి. వేవ్ రెండు వైపులా సమానంగా నొక్కే రకం అయితే 131, 218 హెర్ట్జ్‌ల దగ్గర కొత్త శబ్దాలు పుడతాయి. అసలు స్వరం వినపడకపోయినా వాటిని బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. ఎక్కువైతే 200 నుంచి 400 మధ్య అట్టపెట్టె మీద కొట్టినట్టు అవుతుంది, అప్పుడు అక్కడ 2, 3 డెసిబెల్స్ కోస్తే చాలు.

కుదిరాక ఆడియోగా మార్చేసి, చివరి 10 మిల్లీసెకన్లకు ఫేడ్ ఇవ్వాలి. లేకపోతే వేవ్ మధ్యలో తెగి ప్రతి బీటు చివరా చిన్న చిటుకు వస్తుంది.

సింథ్‌కి ఉన్న లోటు పై భాగం. సైన్ వేవ్ దెబ్బ ఎంత చక్కబెట్టినా కొంచెం బోసిగానే ఉంటుంది. చర్మం, చెక్క, గది వాటిల్లోంచి వచ్చే గరుకుదనం దానికి లేదు.

లేయరింగ్

ఆ లోటు తీర్చడానికే లేయరింగ్. చెడగొట్టేది కూడా ఎక్కువగా ఇదే. రెండు మంచి కిక్‌లు కలిపితే రెట్టింపు మంచి కిక్ రాదు. 50 హెర్ట్జ్‌లో ఒక అల పూర్తవడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. సమాన బలమున్న రెండు తోకలు సరిగ్గా కలిస్తే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 5 మిల్లీసెకన్లు తేడా వస్తే పెరిగేది 3. 10 తేడా వస్తే ఒకదాన్నొకటి మింగేసి ఏమీ మిగలదు. "రెండు కిక్‌లు పెట్టినా పలచగానే ఉందేంటి" అనేదానికి కారణం చాలాసార్లు ఇదే.

అందుకని కింద ఒక్కటే ఉండాలి. బాడీ (కింది బరువైన భాగం) సింథ్‌ది, క్లిక్ మాత్రం సాంపిల్‌ది. క్లిక్ లేయర్‌లో 1000 హెర్ట్జ్ కిందిదంతా తీసేసి, 20 నుంచి 30 మిల్లీసెకన్లకు కత్తిరించి, బాడీ కంటే 12 డెసిబెల్స్ తక్కువలో మొదలుపెట్టి పైకి తెచ్చుకోవాలి. 909 క్లిక్ అయినా పనికొస్తుంది, రిమ్‌షాట్ అయినా, చెక్క మీద తట్టి రికార్డు చేసిన ముక్క అయినా సరే. తర్వాత వేవ్‌ఫామ్‌ను బాగా జూమ్ చేసి రెండూ ఒకే చోట మొదలవుతున్నాయో లేదో చూసి, ఒకదాని పొలారిటీ తిప్పి (అలను తలకిందులు చేసి) మోనోలో వినాలి. నిండుగా ఉన్నదాన్ని ఉంచాలి.

ఈక్వలైజర్ (ఈక్యూ) విషయంలో ఒక జాగ్రత్త. రెండు లేయర్లకూ కింది భాగం ఉండి, ఒకదానికే 30 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అక్కడికి కిందున్నదాన్ని తగ్గించే ఫిల్టర్) వేస్తే ఆ ఫిల్టర్ 50 దగ్గర ఫేజ్‌ను కూడా కదుపుతుంది. అంతకుముందు కుదిర్చిన పొత్తు చెడుతుంది. కింది భాగం ఈక్యూ ఏదైనా గ్రూప్ (లేయర్లన్నీ కలిసే ఛానెల్) మీదే వేయాలి. ఫేజ్‌ను కదపని లీనియర్ ఫేజ్ ఈక్యూతో తప్పించుకుందామంటే దెబ్బకు ముందే సన్నటి ఊదు లాంటి శబ్దం చేరుతుంది. కిక్ మీద దాన్ని వాడకపోవడమే మంచిది.

మాకు నచ్చేది ఇదే: బాడీ సింథ్‌లో, క్లిక్ సాంపిల్‌లో, మూడో లేయర్ లేకుండా. గడువు దగ్గర పడిన రోజున మాత్రం, తోక స్వరం పాటకు ఒక సెమిటోన్ లోపు ఉన్న సాంపిల్ దొరికితే దానితోనే ముందుకెళ్లడంలో తప్పేమీ లేదు.

బేస్‌ను తగ్గించడం: కంప్రెసరా, వాల్యూమ్ షేపరా?

కిక్ పడినప్పుడల్లా బేస్‌ను కాసేపు తగ్గిస్తే రెండూ కొట్టుకోవు. కిక్ నాలుగు బీట్లకూ పడే పాటైతే షేపర్ (మనం గీసిన గీత ప్రకారం వాల్యూమ్ మార్చేది). బేస్ గట్టిగా ఉన్నా మెల్లగా ఉన్నా ప్రతిసారీ ఒకే ఆకారంలో తగ్గుతుంది. తోక 220 అయితే గీతను 200, 220 మధ్య పూర్తిగా పైకి తేవాలి. సైడ్‌చైన్ కంప్రెసర్ (కిక్‌ను వింటూ బేస్‌ను తగ్గించేది) కిక్ స్థాయిని బట్టి స్పందిస్తుంది కాబట్టి కిక్ వరుస మారుతూ ఉండే పాటలకు అది నయం. దాని అటాక్‌ను పూర్తిగా 0 చేస్తే లోతైన బేస్ అల మధ్యలోనే వాల్యూమ్ కూలి చిటపటలు వస్తాయి. 2 నుంచి 5 మిల్లీసెకన్లు ఇవ్వాలి.

తీన్‌మార్ డీజే ట్రాక్‌లలో లెక్క కొంచెం మారుతుంది. డప్పు మీద పుల్ల దెబ్బే పదునైన క్లిక్. దాని మీద ఇంకో క్లిక్ ఉన్న కిక్ వేస్తే డప్పు వెనక్కి పోతుంది, పాటకు ప్రాణమే అది కదా. ఇక్కడ క్లిక్ లేయర్ వద్దు. సింథ్ బాడీ ఒక్కటే, పిచ్ ఎన్వలప్ 36కి బదులు 24 సెమిటోన్లతో, అటాక్ కొంచెం మెత్తగా ఉంచి, పై దెబ్బ డప్పుకు వదిలేయాలి. డప్పు లూప్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్న గుమ్‌గుమ్ తీసేస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

ఇదంతా విని తేల్చుకునే గది గురించి కూడా చెప్పాలి. 11 అడుగుల గదిలో సుమారు 51 హెర్ట్జ్ దగ్గర ప్రతిధ్వని పేరుకుంటుంది: గోడ దగ్గర కిక్ ఉబ్బిపోతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే దాదాపు మాయమవుతుంది. మధ్యలో కూర్చుని కిక్ చాలలేదని 6 డెసిబెల్స్ పెంచితే డీజే బాక్సుల మీద అది పాటనంతా మింగేస్తుంది. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చుని, తోక స్థాయిని హెడ్‌ఫోన్‌లోనూ ఒకసారి చూసుకుని, కిక్ పీక్‌ను మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర పెట్టి, మిగతా వాయిద్యాలను దానికి తగ్గట్టు ఎత్తుకోవాలి.