పాత ట్రాక్టర్‌కు ఆయిల్ లీకేజీ: వాడి చూసిన ప్యాకింగులు, పేస్టులు, మందులు

మాది నర్సంపేట వైపు ఊరు. నాన్న కొన్న 35 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల ట్రాక్టరే ఇప్పటికీ మాకు దిక్కు. వానాకాలం పొలం దమ్ము చేయాలన్నా, పత్తి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు చేర్చాలన్నా అదే. ఇంజన్ ఆయిల్ కారడం దానికి ఏళ్ల నాటి జబ్బు. అందుకోసం దుకాణాల్లో అమ్మేవన్నీ దాదాపు వాడాను.

వాటన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది పైసా ఖర్చులేని పని: బ్రీదర్ పైపు శుభ్రం చేయడం. పిస్టన్ రింగులు దాటి ఇంజన్ కింది భాగంలోకి దిగే పొగ బయటికి పోయే దారి అదొక్కటే. గడ్డి దుమ్ము ఆయిల్ ఆవిరితో కలిసి అందులో గట్టిపడుతుంది. బండి ఖాళీగా ఉన్న నెలల్లో కందిరీగలు మట్టి గూడు కూడా కడతాయి. దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఏ ప్యాకింగ్ (రెండు భాగాల అతుకులో పెట్టే పొర) బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోస్తుంది. అప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా దండగే. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగాయన్నమాట. ప్యాకింగులతో అది తీరదు.

తర్వాత, ఎక్కడ కారుతోందో తేల్చుకోవాలి. ఫ్యాన్ గాలి ఆయిల్‌ను వెనక్కి తరుముతుంది కాబట్టి చుక్క పడే చోటు, కారే చోటు వేరు. డీజిల్‌తో కడిగి, తుడిచి, మొహానికి రాసుకునే పౌడర్ చల్లి, కాసేపు నడిపితే అన్నిటికన్నా పైన తడిసిన చోటే అసలు మూలం. ఇంజన్ వెనక క్లచ్‌ను మూసి ఉంచే డొల్ల, అంటే క్లచ్ హౌసింగ్, అడుగు రంధ్రం నుంచి చుక్కలు పడగానే వెనక క్రాంక్ సీల్ (ఇంజన్ ఇరుసు చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు చుట్టు) పోయిందని మా మెకానిక్ తేల్చేశాడు. పౌడర్ చల్లితే తడి ఇంజన్ పైన మూసే టాపెట్ కవర్ వెనక మూల నుంచి మొదలైంది. సీల్ మార్చాలంటే ట్రాక్టర్‌ను నడిమికి విడదీయాలి. నాట్ల సమయంలో అది ఎంత నష్టమో రైతులకు చెప్పనక్కర్లేదు.

టాపెట్ కవర్‌కు కార్క్ ప్యాకింగే నా ఓటు. ఏళ్లుగా నిలిచింది. అయితే బిగించడంలోనే అంతా ఉంది. బలంకొద్దీ తిప్పితే కార్క్ చిట్లుతుంది, రేకు కవర్ బోల్టుల దగ్గర వంగుతుంది. వంగిన అంచును చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో చదును చేసి, అన్ని బోల్టులూ కొద్దికొద్దిగా సమంగా బిగించాలి.

ట్యూబుల్లో వచ్చే సిలికాన్ పేస్ట్ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ మూలల్లో బాగా పనిచేసింది. పెట్రోలుతో తుడిచి ఆరిన చోట సన్నని గీతలా వేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. మందంగా పూయడం మాత్రం ప్రమాదం. లోపలికి పొంగిన ముక్కలు తెగి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే ఇంజనే పోతుంది. ఈ విషయంలో మెకానిక్‌ల తొందరకు తలవంచకండి.

ఆయిల్‌లో కలిపే లీకేజీ మందులను నేను సిఫారసు చేయను. ఎండి గట్టిపడిన రబ్బరు సీళ్లను అవి కాస్త మెత్తబరుస్తాయి, అంతవరకే. చిట్లిన కార్క్‌కు, సీల్ రాపిడికి గాడి పడ్డ క్రాంక్‌కు వాటితో ఏమీ కాదు.

వెనక సీల్ నిజంగానే పోతే వాయిదా వేయవద్దు. ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటితే బురదలో బండి లాగదు. ఎలాగూ విడదీస్తారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే చూపించుకోండి. హౌసింగ్ రంధ్రానికి బిరడా ఉన్న బండ్లలో బురద నీళ్లు లోపలికి పోకుండా దమ్ముకు ముందు దాన్ని బిగించి, పని కాగానే తీసేయాలి. తీయకపోతే కారే ఆయిల్ లోపలే నిలిచి, సీల్ పోయిన సంగతి క్లచ్ జారేదాకా తెలియదు.

మా బండికి ఇప్పుడు ఇంజన్ ముందు వైపున్న టైమింగ్ కవర్ దగ్గర కొంచెం చెమ్మ ఉంది. రోజూ పొద్దున గేజీ పుల్ల చూస్తున్నాను, మట్టం తగ్గడం లేదు. యాసంగి కోతలు అయ్యాక ముందు వైపు క్రాంక్ సీల్ మార్పిస్తాను.