డీటీపీ నేర్చుకోవడానికి ఏది మేలు: కోర్సు ఫైళ్లా, పాత శుభలేఖా?

డీటీపీ అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కట్టడం. దానికి వాడే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుందామని కూర్చుంటే మొదటి రోజే ఒక ఫోల్డర్ చేతికొస్తుంది. కోర్సుతో పాటు ఇచ్చే ప్రాక్టీస్ ఫైళ్లు. తెరిస్తే పత్రిక పేజీ ఒకటి ముప్పాతిక వంతు తయారై ఉంటుంది. ఫొటోలున్నాయి, మ్యాటర్ ఉంది, రంగులు ముందే ఎంచి పెట్టారు. ఈ బాక్సు ఇటు జరుపు, ఆ హెడ్డింగుకి ఈ స్టైల్ పెట్టు అంటారు, పెడతాం. పావుగంటలో కళ్లు చెదిరే పేజీ. నేనూ అలాగే పాఠాలన్నీ పూర్తిచేసి డీటీపీ వచ్చేసిందనుకున్నాను. ఆ నెలలోనే మా చిన్నాన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కి కార్డు చెయ్యమన్నారు. ఖాళీ పేజీ తెరిచి గంటసేపు అలాగే కూర్చున్నాను. పేజీ కొలత ఎంత పెట్టాలో కూడా తెలియదు. నేను చేసిన ఫైళ్లన్నిటిలో ఆ కొలత ఎవరో ముందే పెట్టేశారు మరి.

అలాగని ప్రాక్టీస్ ఫైళ్లు దండగ అనను. వాటిని పాఠంలో చెప్పినట్టు చెయ్యడం కన్నా విప్పి చూడటంలో లాభం ఎక్కువ. బాడీ మ్యాటర్ స్టైల్‌లో, అంటే అసలు మ్యాటర్ అంతటికీ ఒకేసారి వర్తించే సెట్టింగ్‌లో, అక్షరం సైజు 10 నుంచి 12 పాయింట్లకు మార్చండి. పేజీలన్నీ ఒక్కసారిగా కదులుతాయి, చివరి బాక్సు మూలన ఎర్రటి ప్లస్ గుర్తు వస్తుంది. మ్యాటర్ పట్టక లోపల ఉండిపోయిందని దానర్థం. మాస్టర్ పేజీ అంటే మిగతా పేజీలకు ఉమ్మడి అచ్చు, కొత్త వెర్షన్లలో పేరెంట్ పేజీ అంటున్నారు. అందులో ఒక గీత చెరిపేసి ఎన్ని పేజీల్లో పోయిందో చూడండి. ఇలాంటివి తెలియాలంటే బాగా కట్టిన ఫైలు ఒకటి ఉండాల్సిందే, కొత్తవాళ్లం సొంతంగా కట్టుకోలేం.

ఈ ఫైళ్లతో అందరూ చేసే తప్పు ఒకటుంది. జిప్ ఫోల్డర్ నుంచి ఒక్క డాక్యుమెంట్‌నే డెస్క్‌టాప్ మీదికి లాగి తెరుస్తారు. ఫొటోల మూలన ఎర్ర ప్రశ్నార్థకాలు, ఫాంట్ లేదని అక్షరాల వెనక గులాబీ రంగు. ఫైలు పాడైందని టెన్షన్. మామూలుగా పెట్టిన అసలు ఫొటో డాక్యుమెంట్ లోపల ఉండదు, చూపుకి ఒక మసక నకలు, అసలుది ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ దారి ఉంటాయి. కాబట్టి జిప్ మొత్తం విప్పి, ముట్టుకోని కాపీ ఒకటి పక్కన పెట్టుకుని మొదలెట్టాలి.

అసలు చిక్కు తెలుగుతో వస్తుంది. ఆ ఫైళ్లలో ఉండేది ఇంగ్లీషు, కాకపోతే అర్థం లేని లాటిన్. దాన్ని తీసేసి 'రాష్ట్రం', 'స్త్రీ' అని యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లోనూ వెబ్‌లోనూ వాడే మామూలు తెలుగులో, కొట్టండి, ఒత్తులు విడిపోయి కనిపించవచ్చు. పేరాగ్రాఫ్‌కి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకుంటే గానీ అక్షరాలు సరిగ్గా కలవవు. ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ నుంచి ఈ వసతి ఉంది, కానీ ఇంగ్లీషు పాఠాల్లో దాని ఊసే రాదు. లైన్ స్పేస్ కూడా అంతే. ఆటో అంటే అక్షరం సైజుకి 120 శాతం, 12 పాయింట్లకు 14.4. ఇంగ్లీషుకి చాలు. మనకు పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఇక సన్న కాలమ్‌లో రెండు వైపులా సమంగా సర్దితే, మన మాటలు పొడుగు కాబట్టి మధ్యలో బండ్లు పోయేంత ఖాళీలు.

అందుకే నా ఓటు పాత శుభలేఖకి. లేదా కరపత్రానికి, దేవస్థానం వాళ్లిచ్చిన కార్యక్రమ పత్రానికి. ఇంట్లో ఏదో ఒకటి దొరక్కపోదు. స్కేలు పెట్టి పొడవు, వెడల్పు, అంచుల ఖాళీ కొలిచి ఖాళీ పేజీతో మొదలుపెట్టండి. కార్డుని స్కాన్ చేసి అడుగు లేయర్‌లో పెట్టి, లాక్ చేసి, దాని మీద కట్టుకుంటూ రండి. పెళ్లికూతురి పేరు ఎన్ని పాయింట్లు, ముహూర్తం లైను ఎన్ని పాయింట్లు అన్నది కళ్లతో తేల్చుకోవాల్సిందే. ఇదే చెయ్యి తిరిగే చోటు. పూర్తయ్యాక వంద శాతం సైజులో ప్రింటు తీసి, అసలు కార్డు మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. తప్పు ఎక్కడుందో ఏ మాస్టారూ చెప్పక్కర్లేదు. డిజైన్ వేరేవాళ్లది కాబట్టి ఇది అభ్యాసానికే, అమ్ముకోవడానికి కాదు.

ఇందులో ఇంకో సుఖం ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ అయినా పర్వాలేదు. ఇన్‌డిజైన్ ఫైలు స్క్రైబస్ అనే మరో డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు, ఇన్‌డిజైన్ నుంచి ఐడీఎంఎల్ అనే రకం ఫైలుగా ఇస్తే కొంతవరకు వస్తుంది. శుభలేఖ ఎందులోనైనా కట్టొచ్చు. స్క్రైబస్ ఉచితం, 1.6లో తెలుగు ఒత్తులూ కలుస్తాయి. 2001లో వచ్చిన పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లతో ఇప్పటికీ పని నడిపే షాపులున్నాయి. అక్కడ చేరాలనుకునేవాళ్లు ఆ కీబోర్డే నేర్చుకోక తప్పదు. కాకపోతే ఆ ఫైలు అను ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు మిగులుతాయి.

మరి నేరుగా సొంత పనితోనే మొదలెడితే? నేర్పు వేగంగా వస్తుంది, పరువూ అంతే వేగంగా పోతుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దగా వెయ్యమంటారు. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 4 అంగుళాలే వస్తుంది, సాగదీస్తే మసక. నేను ఓణీల కార్డుకి బ్లీడ్, అంటే కత్తిరింపు గీత దాటి వదిలే అదనపు రంగు, వదల్లేదు. చుట్టూ 3 మిల్లీమీటర్లు రంగు బయటికి లాగి ఉంటే సరిపోయేది. కత్తిరించాక ఒక అంచున తెల్ల గీత మిగిలింది. కార్డులు 300. చిన్నాన్న ఏమీ అనలేదు, పిన్ని మాత్రం ఇప్పటికీ అంటుంది.

నన్నడిగితే ప్రాక్టీస్ ఫైళ్లకి వారం చాలు, అదీ విప్పి చూడటానికి. తర్వాత నాలుగైదు పాత కార్డులు, వాటితో పాటు రెండు కాలమ్‌ల మ్యాటర్ ఉన్న కరపత్రం కనీసం ఒక్కటి. అప్పుడు చుట్టాల పని ఒప్పుకోండి, పేర్ల ప్రూఫు మాత్రం వాళ్ల చేతే చదివించి సంతకం పెట్టించుకోండి.