రాణి వీపు మీద రంగు చుక్క: చాలాకాలం వాడాక

రాణి ఈగని తేలిగ్గా గుర్తుపట్టడానికి దాని వీపు మీద రంగు చుక్క పెట్టే ఈ మార్కింగ్ పెన్ను అంటే నాకు మహా ఇష్టం, ముందే చెప్పేస్తున్నా. మొయినాబాద్ దగ్గర మా బావగారి జామతోటలో ఇటాలియన్ తేనెటీగల పెట్టెలున్నాయి. ఇదివరకు రాణి కోసం పట్టు ఉండే ఫ్రేములన్నీ తిప్పి తిప్పి, పొగ ఎక్కువై, ఈగలు చిరాకుపడి, నాకూ టెన్షన్. ఇప్పుడు పిల్లలున్న ఫ్రేములు రెండు మూడు చూస్తే చాలు, వేల ఈగల మధ్య చుక్క నడుస్తూ కనిపిస్తుంది. మూత పెట్టేయడమే.

పెన్ను ఏ కంపెనీదైనా వాసన తక్కువుండే నీటి రంగుదే తీసుకోండి. ఎండాకాలం బైక్ డిక్కీలో పడేస్తే మాత్రం, నొక్కగానే బొళుక్కున కక్కుతుంది. ముందు కాగితం మీద చూసుకోవాలి. చుక్క ఆరేదాకా రాణిని, చుక్క పెట్టేందుకు పట్టి ఉంచిన గొట్టంలోంచి వదలొద్దు, తడి మీదైతే కూలి ఈగలు చెరిపేస్తాయి.

అసలు సంగతి నిరుడు జరిగింది. 2024లో పుట్టిన రాణికి పద్ధతి ప్రకారం ఆకుపచ్చ పెట్టాను (4, 9తో ముగిసే ఏళ్లకు ఆ రంగు). 2025లో వానలు తగ్గాక పెట్టె విప్పితే మూడో ఫ్రేములోనే పచ్చ చుక్క దొరికింది. మూత అందుకుంటుంటే, పక్కన ఇంకో ఫ్రేము పట్టుకున్న తోట కుర్రాడు, "అన్నా, ఈడ ఇంకో రాణి ఉంది, చుక్క లేదు" అన్నాడు. నమ్మలేదు. వెళ్లి చూస్తే నిజమే! పొడుగాటి పొట్ట, కొత్త మెరుపు, ఖాళీ గదిలో తోక పెట్టి గుడ్డు పెడుతోంది. పాత రాణి జోరు తగ్గితే ఈగలే కొత్తదాన్ని పెంచుకుంటాయని, తల్లీకూతుళ్లు కొన్నాళ్లు ఒకే పెట్టెలో గుడ్లు పెట్టొచ్చని చదివాను గానీ కళ్లారా చూడటం అదే. చుక్క లేకపోతే ఏది తల్లో, ఏది కూతురో తేలేది కాదు. మేం దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత విప్పినప్పుడు పచ్చ చుక్క లేదు, కూతురు ఒక్కతే ఉంది. దానికి 2025 రంగైన నీలం పెట్టాను.

కాబట్టి చుక్క కనబడగానే మూత పెట్టేయొచ్చన్న నా మాటకి కొంచెం బ్రేకు వేసుకోండి. ఆ చుక్క ఒక రాణి ఉందని చెబుతుందే గానీ, ఇంకోటి లేదని చెప్పదు. ఇక ఆకుపచ్చ రంగంటారా, జామచెట్ల నీడలో, నల్లబడిన పాత ఫ్రేము మీద దాన్ని వెతకడం కష్టమే. కొందరు ఏ ఏడైనా తెలుపే పెడతారు. కనబడుతుంది నిజమే, కానీ వయసు లెక్క పోతుంది.

చత్వారం వచ్చి, ఆదివారం తప్ప తోటకి వెళ్లలేని నాలాంటివాళ్లయితే కొనండి. రోజూ పెట్టెల దగ్గరే ఉండేవాళ్లకి అంత అవసరం పడకపోవచ్చు. మల్కాజిగిరిలో మా డాబా మీదున్న పుట్ట తేనెటీగల (మన దేశవాళీ రకం) పెట్టెకి నేను కూడా వాడను. వాటిని ఎక్కువ కదిలిస్తే గూడు వదిలేసి లేచిపోతాయి. గదుల్లో గుడ్లు కనిపిస్తే గత మూడు రోజుల్లో రాణి అక్కడ తిరిగినట్టే, ఆ పెట్టెకి నాకది చాలు.