హెడ్‌లైటు: హాలోజెనా, ఎల్ఈడీనా? గట్టు రోడ్డుకు ఏది మేలు?

సంక్రాంతి నెల పట్టిందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “పాత హాలోజెన్ బల్బులు తీసేసి ఎల్ఈడీలు వేయించమంటారా?” హైదరాబాద్ నుంచి కారులో ఊరికి వచ్చేవారూ అడుగుతారు, ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు రాత్రిపూట చెరువుల మీద తిరిగేవారూ అడుగుతారు. కొత్త కారు కొనబోయేవారు అదే మాటను కాస్త మార్చి, “ఎల్ఈడీ కోసమని పై వేరియంటుకు వెళ్లడం దండగేమో కదండీ?” అంటారు.

దాపరికం ఎందుకు, ముందే చెప్పేస్తాను. కంపెనీ బిగించి ఇచ్చిన లైటుకే నా ఓటు, అది హాలోజెన్ అయినా సరే. దుకాణంలో కొని హాలోజెన్ గూట్లో దూర్చే ఎల్ఈడీ బల్బుకు మాత్రం కాదు. ఎందుకో తెలియాలంటే బల్బు కన్నా ముందు రోడ్డు సంగతి మాట్లాడుకోవాలి.

తణుకు, రావులపాలెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారికి మధ్యలో డివైడర్ ఉంది. ఎదుటి వాహనం వెలుగు ఎంత చికాకు పెట్టినా, పక్కకు దిగిపోవలసిన అవసరం రాదు. ఆ రోడ్డు వదిలి లోపలికి వస్తే కథ మారుతుంది. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర మొదలైన కాలువలు గోదావరి మూడు డెల్టాలనూ అల్లుకుపోయాయి. మన రోడ్లలో చాలా భాగం ఆ కాలువల గట్లే. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను, లేకపోతే డ్రెయిన్. రెండు కార్లు ఎదురైతే ఇద్దరూ ఎడమ చక్రాలను బెర్ము మీదికి, అంటే తారు పక్కనున్న మట్టి అంచు మీదికి దించక తప్పదు. ఆ బెర్ము వానకు ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ కొబ్బరికాయలు రాశి పోశారో, ఎక్కడ ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారో సరిగ్గా అప్పుడే కనబడాలి. ఎదుటి లైటు కళ్లలో పడేదీ అప్పుడే.

కాలువ మనకు ఎడమ వైపున ఉంటే, ఎదుటివారి వెలుగుకు కళ్లు చెదిరి అంచు తప్పేది మనం. కుడి వైపున ఉంటే, మన వెలుగుకు అంచు తప్పేది వారు. తిరుగు ప్రయాణంలో ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి. అందుకే “మనకు ఎంత దూరం కనబడుతోంది” అని మాత్రమే చూసి లైటు ఎంచుకుంటే మన రోడ్ల మీద లెక్క సగంలోనే ఆగిపోతుంది. 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. కళ్లు చెదిరాక చూపు తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, 40 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. శుక్లాలు ముదురుతున్న పెద్దవారికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. బయటి వెలుగు వారి కంటి లోపలే చెదిరి తెల్లటి తెరలా కమ్ముకుంటుంది.

ఇక బల్బుల సంగతి. మన కార్లలో ఎక్కువగా కనబడే హాలోజెన్ హెచ్4 రకం. 60/55 వాట్లు అని దాని మీదే రాసి ఉంటుంది. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, హై బీముకు ఒకటి, లో బీముకు ఒకటి. పాత బల్బు చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. లో బీమ్ ఫిలమెంటు కింద గోరంత లోహపు దొప్ప కనబడుతుంది. కథంతా ఆ దొప్పలోనే ఉంది. రిఫ్లెక్టర్ (బల్బు వెనక ఉండే మెరిసే దొన్నె) కింది సగానికి తగిలి పైకి లేవవలసిన వెలుగును అది అడ్డుకుంటుంది. దానివల్లే లో బీముకు పైన కోసినట్టు ఒక గీత వస్తుంది. ఆ గీత కుడి వైపు నేలబారుగా ఉండి, ఎడమ వైపు కొంచెం పైకి లేస్తుంది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, ఎడమ అంచు కాస్త ఎక్కువ దూరం చూపించి కుడి పక్కన వచ్చేవారి కళ్లను వదిలేయడానికి చేసిన ఏర్పాటు అది. గట్టు రోడ్డు మీద నడిపేవారికి అంతకన్నా కావలసింది ఏముంది?

దుకాణంలో దొరికే ఎల్ఈడీ బల్బు ఆ గూట్లోకి వెళ్లాక జరిగేది ఇది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ ఫిలమెంటు ఉండే చోటును పట్టి చేసినది. ఎల్ఈడీలో వెలుగు పుట్టేది ఒక బద్దకు రెండు పక్కలా అతికించిన చిప్పుల్లోంచి. అది ఫిలమెంటులా చుట్టూరా సమంగా రాదు, చోటు కూడా కచ్చితంగా కలవదు. మిల్లీమీటరు తేడా వచ్చినా చాలు, గీత చెదిరిపోతుంది, వెలుగు పైకి చిమ్ముతుంది. లో బీములో వెళుతున్నా ఎదుటివారికి హై బీమ్ వేసినట్టే ఉంటుంది. వారు డిప్పర్ కొడతారు, మనం కోపంగా తిరిగి కొడతాం.

సరే, మనకైనా బాగా కనబడుతుందా అంటే అదీ అనుమానమే. ఈ బల్బులు బానెట్ ముందు పది పదిహేను మీటర్ల మేర రోడ్డును పట్టపగలు చేసేస్తాయి. అది చూసి డబ్బు గిట్టిందనుకుంటాం. కానీ దగ్గర అంత వెలుగు పడితే కంటిపాప ముడుచుకుంటుంది, ఆ వెలుగుకు అవతల ఉన్నది ఇంకా చీకటిగా తోస్తుంది. రేడియం స్టిక్కర్ లేని ధాన్యం ట్రాక్టర్ ఉండేది ఆ అవతలే. అట్టపెట్టె మీద వేసిన ఇరవై వేల ల్యూమెన్ల (వెలుగు పరిమాణానికి కొలత) సంఖ్యను చూసి మురిసిపోకండి. హెచ్4 లో బీమ్ ప్రమాణమే సుమారు 1000 ల్యూమెన్లు. వెలుగు ఎంత ఉందన్నదాని కన్నా ఎటు వెళుతోందన్నదే ఇక్కడ పని చేస్తుంది.

అలాగని ఎల్ఈడీ బల్బులన్నిటినీ ఒకే గాటన కట్టను. చిప్పులను ఫిలమెంటు స్థానంలోనే కుదిర్చి చేసినవీ ఉన్నాయి. జర్మనీలో కొన్ని ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఉంది, అదీ ఫలానా కారు మోడల్‌కు ఫలానా బల్బు అని చూసి ఇచ్చేదే. మన దుకాణాల్లో అడిగేది “ఏ కారండీ?” అని కాదు, “తెలుపా, పసుపా?” అని. మన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనూ 106వ నియమం ఈ సంగతే చెబుతుంది: 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లను లైటు మిరుమిట్లు గొలపకూడదు.

కంపెనీ బిగించిన ఎల్ఈడీ మాటే వేరు. రిఫ్లెక్టర్ అయినా, వెలుగును కటకం గుండా పంపే ప్రొజెక్టర్ అయినా ఆ చిప్పు కోసమే చేసింది కాబట్టి గీత శుభ్రంగా ఉంటుంది, వెలుగు సమంగా పరుచుకుంటుంది, కరెంటు తక్కువ తింటుంది. బడ్జెట్ అందితే తీసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: చాలా మోడళ్లలో బల్బు విడిగా మార్చడానికి ఉండదు, పాడైతే యూనిట్ మొత్తం మార్చాలి. హాలోజెన్ బల్బు పాలకొల్లులో పోయినా రాజోలులో పోయినా, పక్క వీధిలో దొరుకుతుంది. వానలో తడిసిన నల్ల తారు మీద పసుపు ఛాయ ఉన్న హాలోజెన్ వెలుగే నా కళ్లకు నచ్చుతుంది. మీ కళ్లకు తెలుపే నచ్చితే దాని మీద వాదం లేదు.

100/90 వాట్ల హాలోజెన్ బల్బులు? కారు వైరింగూ హోల్డరూ ఆ వేడికి చేసినవి కావు. వద్దు.

డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ముందు లైటు అద్దం చూడండి. ఏడెనిమిదేళ్ల కారుకు ఆ ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కి మసకబారి ఉంటుంది. దాన్ని పాలిష్ చేయించి, మంచి కంపెనీ హాలోజెన్ బల్బులు వేయించి, లైటు ఎత్తు సరిచేయిస్తే “ఎల్ఈడీ వేయించారా?” అని అడిగేవారు నాకు తెలుసు.

ఎత్తు సరిగా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. సాయంత్రం చీకటి పడ్డాక ఏ రైస్ మిల్లు గోడ ముందో చదునైన నేల మీద, గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపి లో బీమ్ వేయండి. గోడ మీద గీత దీపం మధ్య భాగం కన్నా దాదాపు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. కుడి సగం నేలబారుగా, ఎడమ సగం ఎగువకు కనబడాలి. గీతే కనబడకుండా గోడంతా తెల్లగా అలుక్కుపోయిందంటే, ఎదుటివారు మిమ్మల్ని ఇన్నాళ్లూ ఏమని తిట్టుకుంటున్నారో అర్థమవుతుంది.

పండగకు ప్రత్యేకంగా మరో మాట. తిరిగి వెళ్లేటప్పుడు డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఒక గోతాంలో కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, వెనక సీట్లో ముగ్గురు. వెనక భాగం కుంగితే ముందు ముక్కు లేస్తుంది, ఎంత మంచి లైటైనా ఆకాశం చూస్తుంది. స్టీరింగ్‌కు కుడి పక్కన, మోకాలి పైన, 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. అంకె పెంచితే వెలుగు కిందికి దిగుతుంది. ఒంటరిగా వెళితే 0, కారు నిండితే 2 గానీ 3 గానీ. అది ఏసీకి సంబంధించినదనుకుని ముట్టుకోనివారు చాలామందే ఉన్నారు.

హై బీమా, లో బీమా అన్నదానికి ఇంత చర్చ అక్కర్లేదు. రోడ్డు ఖాళీగా ఉంటే హై బీమ్ వేయండి, దానికి మొహమాటం ఎందుకు? లో బీములో స్పష్టంగా కనబడేది సుమారు 50 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో ప్రమాదం గుర్తించి కారు ఆపడానికి దాదాపు 45 మీటర్లు పడుతుంది. అంటే గట్టు మీద లో బీములో 60 దాటితే, కనబడిన గేదె దగ్గర ఆగలేరు. ఎదుటి వాహనం నేరుగా కనబడేదాకా ఆగి డిమ్ చేయడం మాత్రం ఆలస్యమే. మలుపు అవతల కొబ్బరి మట్టల మీద వెలుగు పాకడం కనబడగానే డిమ్ చేసేయాలి. “నేను డిమ్ చేశానండీ, వాళ్లు చేయలేదు” అన్నది అందరి ఫిర్యాదూ. అప్పుడు పోటీకి హై బీమ్ వేస్తే గట్టు మీద చూపు లేనివారు ఇద్దరవుతారు. వేగం తగ్గించి, చూపును ఎడమ అంచు మీదికి మళ్లించి, అవసరమైతే ఆగిపోండి. ఎదుటి దీపం చూసి తనంతట తానే డిమ్ అయ్యే ఆటో హై బీమ్ ఉన్న కార్లున్నాయి. మసక దీపపు మోపెడ్‌నూ, దీపమే లేని సైకిల్‌నూ అది పట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు.

ధనుర్మాసం మంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ లేస్తుంది. లో బీమ్, కింద ఫాగ్ లైట్లు ఉంటే అవి, అంతే. పసుపు ఫిల్మ్ అతికిస్తే మంచును చీల్చుకుపోతుందన్నది నిజం కాదు. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపులో నీలి కాంతి తక్కువ కాబట్టి కంటికి హాయిగా అనిపిస్తుంది, అంతవరకే.

మంచులోనూ వానలోనూ నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడిపేవారితో నాకు పేచీ ఉంది. అవి వెలుగుతుంటే మీరు ఎటు తిరుగుతారో వెనకవారికి చెప్పడానికి దారే ఉండదు, మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో కూడా తెలియదు. కూడలిలో నేరుగా వెళుతున్నామని చెప్పడానికి నాలుగూ వేయడం మరీ విడ్డూరం: పక్క నుంచి చూసేవారికి ఒక వైపు దీపాలే కనబడతాయి, మీరు అటే తిరుగుతున్నారనుకుంటారు. కదిలే కారుకు ఒక పక్క ఇండికేటర్, ఆగిన కారుకు నాలుగూ. గట్టు నుంచి వంతెన మీదికి తిరిగే చోట ఇండికేటర్ తిరిగేటప్పుడు వేస్తే ఏం లాభం? 30 మీటర్ల ముందే వేయండి. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవలసిన ఇండికేటర్ ఉన్నట్టుండి హడావిడి పడితే, ఆ పక్క ఏదో ఒక బల్బు పోయిందని అర్థం.

కాలు తీసినా కారు వేగాన్ని ఒకేలా నిలబెట్టే క్రూయిజ్ కంట్రోల్ గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. హైవే మీద, పొడి రోడ్డు మీద, పగటిపూట సరే, కాలికి విశ్రాంతి. వానలో వద్దు, రోడ్డు మీద నీరు నిలిచిన చోట చక్రం పట్టు తప్పితే అది వేగం నిలబెట్టాలనే చూస్తుంది. రాడార్ ఉన్న రకమైనా, ముందు ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని కార్ల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. హైవే అంచున దీపం లేకుండా ఆగిన గడ్డి ట్రాక్టర్ మన వైపు అరుదైన దృశ్యమేమీ కాదు. రావులపాలెంలో హైవే దిగి అమలాపురం వైపు తిరిగాక ఆ బటన్‌తో నాకు పని లేదు, కాలు బ్రేకు మీదే.