డెబ్బై రూపాయలకు గడప దగ్గరకు వచ్చే లైఫ్ సర్టిఫికెట్

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి 2013లో పదవీ విరమణ పొందాను. ఆ తరువాత ప్రకాశం జిల్లా కొండపి మండలంలోని మా సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డాను. పింఛను మాత్రం టంగుటూరులోని ఒక బ్యాంకులో పడుతుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులందరూ ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే డిసెంబరు నుంచి పింఛను నిలిచిపోతుంది. గత మూడేళ్లుగా ఈ పనిని నేను ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకువారి ఇంటివద్ద సేవ ద్వారా, మా ఊరికి ఉత్తరాలు పంచే డాక్ సేవక్ అమ్మాయి చేత, మా ఇంటి ముందే చేయించుకుంటున్నాను. ఈ సేవ ఎట్లా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్ల మిత్రులు అడుగుతున్నారు కాబట్టి నా అనుభవంలో తేలిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఈ సేవ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. నవంబరు అంటే మనవైపు వాయుగుండాల నెల. ఎండాకాలమంతా చుక్క వాన ఎరుగని ఊళ్లో సరిగ్గా గడువు ముంచుకొచ్చే వారంలో ముసురు పట్టుకుంటుంది, వాగు పొంగుతుంది, ఆటోలు ఆగిపోతాయి. ఢిల్లీలో కూర్చుని నవంబరును నిర్ణయించినవారికి అది చల్లని, హాయి అయిన నెలగా తోచి ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషి గొడుగు ఒక చేత, కాగితాల సంచి ఒక చేత పట్టుకుని పదమూడు కిలోమీటర్లు వెళ్లి, బ్యాంకులో వరుసలో నిలబడి, తిరిగి వచ్చేసరికి పూర్తిగా ఒక రోజు పోయేది, మరుసటి రోజు నడుము పట్టేసేది. ఎనభై ఏళ్లు దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఇవ్వడం మంచి నిర్ణయమే కానీ, డెబ్బై మూడేళ్ల వాడిని నేను దానికి ఇంకా చిన్నవాడిని.

వేలిముద్రతో కంప్యూటరులోనే ధ్రువపత్రం తయారయ్యే జీవన్ ప్రమాణ్ పద్ధతిని 2014 నవంబరు 10న ప్రారంభించారు. ఆ పత్రం నేరుగా పింఛను ఇచ్చే సంస్థకు చేరుతుంది కాబట్టి కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లనవసరం లేదన్నది దాని సారాంశం. ఆ మాట నమ్మి 2019లో టౌనులోని ఒక ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు నూటయాభై రూపాయలు తీసుకుని, రెండు నిమిషాల్లో వేలు పెట్టించి, సెల్లుకు సందేశం రాగానే అయిపోయిందన్నాడు. నేనూ అయిపోయిందనే అనుకున్నాను. డిసెంబరు నెలాఖరుకు ఖాతాలో డబ్బు పడలేదు. విచారించగా, పింఛను ఇచ్చే బ్యాంకు పేరు ఉండవలసిన చోట అతడు వేరొక బ్యాంకు పేరును ఎంచుకున్నాడని తేలింది. వివరాలు తప్పితే పత్రం తిరస్కరణకు గురవుతుంది, మళ్లీ కొత్తగా చేయించుకోవలసిందే. బకాయితో సహా డబ్బంతా జనవరి చివర వచ్చింది, పైసా పోలేదు. అయితే ముప్పై ఎనిమిదేళ్లు ఒకటో తేదీ జీతానికి అలవాటు పడిన మనిషి ఆ నెల రోజులు మందుల షాపులో బీపీ మాత్రలకు ఖాతా రాయించుకోవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఆ చేదు అనుభవం వల్లనే తపాలావారి సేవను మొదట అనుమానంగా చూశాను. 2020 నవంబరు నుంచి అందుబాటులో ఉన్నా, నేను దానివైపు వెళ్లడానికి మరి రెండేళ్లు పట్టింది. ఈ సేవకు రుసుము పన్నుతో కలిపి డెబ్బై రూపాయలు. మనకు వారి దగ్గర ఖాతా ఉండవలసిన అవసరం లేదు, పింఛను ఏ బ్యాంకులో పడుతున్నా చేస్తారు. ఊళ్లో అయితే దరఖాస్తులు, ఫోన్లు అక్కరలేదు. ఉత్తరాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయితో చెబితే, డాక్ సంచి వచ్చి పంపకం పూర్తయ్యాక ఫలానా రోజు వస్తానని చెబుతుంది, వస్తుంది. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, సెల్‌ఫోను, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు సిద్ధంగా ఉంచుకుంటే చాలు. ఈ పీపీఓ కాగితం దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. ఇనప్పెట్టెలో మడతపెట్టి దాచిన కాగితం మడత మీదే అంకెలు చెరిగిపోయి ఉంటాయి. నేను ఆ నంబరును బ్యాంకు పుస్తకం అట్ట లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను.

మొదటి సంవత్సరం నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న విషయం. వేలు పెట్టించే ముందు ఆ అమ్మాయి తెర మీద నింపిన వివరాలన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించి, "తాతా, సరిగ్గా ఉన్నాయా, ఇంకొక్కసారి చూసుకోండి" అన్నది. రైలు వదిలే ముందు అవతలి స్టేషనుతో లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, తీసుకుని, ఆ నంబరును తిరిగి చెప్పించుకుని రాసుకునే అలవాటులో పెరిగినవాడిని కాబట్టి, ఆ ఒక్క మాటతో నా అనుమానం సగం తీరింది. వేలిముద్ర నా విషయంలో రెండో ప్రయత్నానికే పడింది. కాసేపటికి ప్రమాణ్ ఐడీ, అంటే ఆ ధ్రువపత్రం నంబరు, సందేశంగా వచ్చింది. మొత్తం పన్నెండు నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు ఓటీపీ కోసం ఎదురుచూడటానికే పోయాయి, ఎందుకంటే మా ఇంట్లో సెల్ సిగ్నలు అందదు. అది వేప చెట్టు కింద, అదీ గొడ్ల చావిడి వైపు గోడ దగ్గర మాత్రమే దొరుకుతుంది. రెండో ఏడు నుంచి కుర్చీని ముందే అక్కడ వేసి ఉంచుతున్నాను.

అసలు పరీక్ష నాది కాదు, మా పక్కింటి వదినది. ఆవిడ భర్త మా సెక్షనులోనే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి కాలం చేశాడు. కుటుంబ పింఛను మీద బతుకుతున్న ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లపాటు పొగాకు పనికి వెళ్లిన చేతులు ఆవిడవి. పచ్చాకు రెలిచి కర్రలకు కట్టడం, బ్యారన్ అనే వేడి గదిలో ఎండిన ఆకును విప్పడం, వేలం కేంద్రానికి పంపే ముందు రోజుల తరబడి కూర్చుని గ్రేడింగు చేయడం, ఇవన్నీ చేసిన వేళ్ల మీద గీతలు మిగలవు. పచ్చాకు జిగురు నల్లగా పట్టుకుంటే దాన్ని వదిలించడానికి బూడిదతో, ఇటుక పొడితో రుద్దుకున్న చేతులు. కొండపి, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల చుట్టూ ఉన్న ఊళ్లలో ఇట్లాంటి చేతులు ఇంటింటికీ ఉంటాయి. వేలిముద్ర యంత్రం తయారుచేసినవారికి ఈ చేతుల సంగతి తెలిసి ఉండదు.

ఆ సంవత్సరం వదిన కుడిచేతి వేళ్లు అయిదూ పడలేదు. తడిగుడ్డతో తుడిచి, అరచేతులు రుద్దించి, ఎడమచేయి మొదలుపెడితే, అందరం ఆశ వదులుకున్న దశలో ఎడమ చిటికెన వేలు పడింది. ఆకు కట్టడంలో ఆ వేలికి పెద్దగా పని ఉండదని ఆవిడే తరువాత వివరించింది. మరుసటి ఏడు ఆ చిటికెన వేలు కూడా మొరాయించింది. అప్పుడు ముఖం ఆధారంగా గుర్తించే పద్ధతిని వాడారు. 2021 నవంబరులో వచ్చిన ఈ పద్ధతే నా ఉద్దేశంలో పల్లెటూరి వృద్ధులకు నిజంగా మేలు చేసినది. దీనికి వేలిముద్ర యంత్రమే అక్కరలేదు, కెమెరా ఉన్న ఫోను చాలు. ముఖం మీద వెలుతురు పడాలి, వెనుకనుంచి ఎండ రాకూడదు, చెప్పినప్పుడు కన్నార్పాలి. కన్నార్పమనడం ఎందుకంటే, ఫోటో చూపించి మోసం చేయకుండా ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని నిర్ధారించుకోవడానికి. శుక్లాల ఆపరేషను తరువాత పెట్టుకున్న నల్లద్దాలను తీయడానికి వదిన ఒప్పుకోలేదు. డాక్టరు తీయవద్దన్నాడని ఆవిడ, తీస్తేనే పడుతుందని ఆ అమ్మాయి, చివరకు వేప నీడలో అర నిమిషం తీయడానికి రాజీ కుదిరింది.

ఈ దరఖాస్తులో ఉద్యోగం, వివాహం గురించిన ప్రశ్నలు రెండు ఉంటాయి. మళ్లీ ఉద్యోగంలో చేరారా, మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని అడుగుతారు. పింఛను నిబంధనలకు సంబంధించినవి కాబట్టి అడగక తప్పదు. ఆ అమ్మాయి రెండో ప్రశ్నను తలవంచుకుని గొంతు తగ్గించి చదివింది. వదిన ఏమాత్రం తడుముకోకుండా, "ఏందమ్మాయ, ఏదన్నా సంబంధం చూసినావా?" అన్నది. ఆ తరువాత నావైపు తిరిగి, "వృద్ధాప్య పింఛనుకైతే ఒకటో తారీఖు పొద్దున్నే నాలుగు వేలు ఇంటికి తెచ్చి చేతిలో పెట్టిపోతారన్నయ్యా, మనకేమో ఈ పెళ్లి ప్రశ్నలు" అని సణిగింది. సచివాలయం ఉద్యోగులు ఎన్టీఆర్ భరోసా పింఛనును ఇళ్లకు తెచ్చి ఇచ్చే వీధిలో ఉంటూ, తాను మాత్రం ఏటా రుజువు చూపుకోవలసి రావడం ఆవిడకు న్యాయంగా కనిపించదు. నెలనెలా వేలిముద్ర పెట్టే ఆ పద్ధతికీ, ఏడాదికొక్కసారి పెట్టే ఈ పద్ధతికీ ఉన్న తేడాను నేను వివరించాను. ఆవిడ విన్నట్లు కనిపించలేదు.

ఫోను వాడటం వచ్చినవారు ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లను దించుకుని ఖర్చు లేకుండా తామే చేసుకోవచ్చు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులో నాకు అదే చెబుతుంటాడు. ఒకసారి ప్రయత్నించి, పింఛను మంజూరు చేసిన అధికారి పేరును పొడుగాటి జాబితాలో వెతుకుతూ మధ్యలో ఆపేశాను. 2019 నాటి తప్పు మళ్లీ నా చేత్తోనే జరుగుతుందేమోనన్న భయానికి డెబ్బై రూపాయలు ఎక్కువ ధర కాదు. టంగుటూరుకు ఆటోలో రానూ పోనూ అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఈ సేవ వల్ల పోయినది కూడా ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. నవంబరు మొదటి వారంలో బ్యాంకు బయటి సిమెంటు బెంచీ మీద మా వాళ్లందరం కలిసేవాళ్లం. పాయింట్స్‌మన్, గేట్‌మన్, కీమన్, టికెట్టు గుమాస్తా, నేను. బ్యాంకు పని అయ్యాక స్టేషను వైపు నడిచి టీ తాగి, ఏ బండి ఇప్పుడు ఎక్కడ ఆగడం లేదో, ఎవరి కొడుకు ఎవరిని పట్టించుకోవడం లేదో మాట్లాడుకుని విడిపోయేవాళ్లం. ఆ వారంలో ఎవరు కనిపించకపోయినా మేమే ఫోను చేసి కనుక్కునేవాళ్లం. ఎవరి గడప దగ్గర వారికి పని జరగడం మొదలయ్యాక ఆ బెంచీ ఖాళీ అయింది. మా పాయింట్స్‌మన్ చనిపోయిన సంగతి నాకు నాలుగు నెలల తరువాత, అదీ ఒంగోలు ఆసుపత్రిలో ఎవరో చెబితే తెలిసింది. నేను బ్యాంకు వరుసలో నిలబడి తిట్టుకున్న రోజులు గుర్తున్నాయి, ఆ వరుసే కావాలని ఇప్పుడు అనడం లేదు. నాకు కావలసినది టీ దగ్గర కూర్చునే ఆ గంట. దానికోసం మిగిలిన నలుగురం నవంబరు మొదటి సోమవారం టంగుటూరు ప్లాట్‌ఫారం మీద కలుద్దామని అనుకున్నాం. నిరుడు ఇద్దరమే వచ్చాం.

వాడుకోదలచినవారికి రెండు మాటలు. సందేశం రాగానే సంబరపడకుండా, ప్రమాణ్ ఐడీని జాగ్రత్తగా రాసుకుని, కొన్ని రోజుల తరువాత పత్రాన్ని బ్యాంకు స్వీకరించిందో లేదో కనుక్కోవాలి. ఆ ఐడీ జీవితాంతం పనికిరాదు, ఏటా కొత్తది తీసుకోవాలి. పీఎఫ్ పింఛను తీసుకునేవారికి నవంబరు నిర్బంధం లేదు, వారు ఎప్పుడు ఇచ్చినా పన్నెండు నెలలు చెల్లుతుంది. ట్రెజరీ ద్వారా రాష్ట్ర పింఛను తీసుకునే ఉపాధ్యాయ మిత్రులు తమ గడువును తమ ట్రెజరీలోనే అడిగి తెలుసుకోవడం మంచిది. ఏ పద్ధతీ పని చేయనివారికి అధికారి సంతకంతో కాగితం ఇచ్చే పాత మార్గం ఇంకా ఉంది.

ఈ నవంబరుకు ఆ అమ్మాయి దగ్గర వదిన పేరు ముందు, నా పేరు తరువాత రాయించాను. పొద్దు వాలితే వేప చెట్టు కింద వెలుతురు చాలదు, ఆవిడ కళ్లద్దాల బేరం తేలడానికి కూడా కొంత సమయం పడుతుంది.